అరచేతిలో ఇమిడే అత్తరు బుడ్డి

మన తెలుగువారి పెండ్లిళ్ళలో పందిరి ముఖద్వారం వద్ద ఒక చిన్న బల్ల వేసి, దానిపై వెండి పన్నీరు బుడ్డిని, గంధపు గిన్నెను, కలకండ పళ్ళేన్ని ఉంచి, వచ్చిన అతిథులను పన్నీటి జల్లుతో ఆహ్వానించడం పెద్దల నాటి నుండి వస్తున్న ఆచారం. స్వస్థలాలకు వందల మైళ్ళ దూరంలో, ఈ ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఈ ఆచారాన్ని విడువలేదు. బిష్టుపూర్ రామమందిరంలో జరిగే వివాహాలకు హాజరైనవారికి ఈ సంగతి తెలిసినదే. సుగంధం కన్న దానిని నింపిన పాత్రకే ఎక్కువ మర్యాద జరగడం నేను చిన్నతనం నుండి గమనిస్తున్నాను. పన్నీరు ఏ బజారులోనైనా దొరుకుతుంది. బుడ్డి మాత్రం అమ్మమ్మ నాటిది.

అటువంటి పెండ్లి ఒకదాని సన్నాహాలలోనే ఈ వ్యాసానికి మూలమైన సంఘటన జరిగింది. మా వీధిలో ఒక వృద్ధురాలు ఉన్నారు. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఆమె మామగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి బ్రతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చి, ఒక దొరగారి బంగళాలో వంటవానిగా చాలా సంవత్సరాలు పనిచేశారట. 1947లో ఆ దొర కుటుంబం స్వదేశానికి తరలిపోతూ కొన్ని వస్తువులను ఆయనకు ఇచ్చి వెళ్ళింది. మిగిలినవన్నీ కాలక్రమంలో పోయాయి గాని, ఒక చిన్న పింగాణీ బుడ్డి మాత్రం బిస్కట్ల డబ్బాలో, దూదిలో చుట్టబడి, మూడు తరాలు నిలిచింది. మనుమరాలి పెండ్లి కుదిరినప్పుడు పిన్నిగారి అబ్బాయికి ఆ బుడ్డి గుర్తుకు వచ్చింది. లండను వేలంపాటలలో ఇటువంటివి లక్షల ధర పలుకుతాయని అతడు ఎక్కడో చదివాడు. ఆ నమ్మకంతో సహకార పరపతి సంఘానికి పెట్టవలసిన అప్పు దరఖాస్తును నెల రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాడు.

"బాబూ, నువ్వు బట్టీల ఇంజినీరువి గదా, మట్టి సంగతి నీకు తెలియకపోతుందా? ఇది అసలుదో కాదో చెప్పు. అబ్బాయి దీని మీదే లెక్కలు వేసుకుంటున్నాడు" అని ఆమె దానిని నా చేతిలో పెట్టారు.

ముప్పది సంవత్సరాలుగా నేను వ్యవహరించినది కొలిమి లోపలి గోడలకు వాడే ఉష్ణసహ ఇటుకలతో. పింగాణీ కూడా మట్టే, అదీ మంటలో పుట్టినదే. ఆ చనువుతో పరీక్షకు అంగీకరించాను.

బుడ్డి పొడవు ఏడు సెంటీమీటర్లు. ఒక చెట్టు మోడును కౌగిలించుకొన్న రెక్కల బాలుడు, చుట్టూ గులాబీలు, ఆకుపచ్చని ఆకులు. బిరడా ఒక పక్షి తల. మెడకు బంగారు మలాము పట్టీ, దాని క్రింద ఫ్రెంచి భాషలో ఏదో ప్రేమవాక్యం. అడుగున బంగారు రంగులో ఒక లంగరు గుర్తు. పుస్తకాలు తెరచి చూడగా ఆ లంగరు ఇంగ్లండులోని చెల్సీ కార్ఖానా గుర్తు అని, 1756 ప్రాంతం నుండి 1769 వరకు అక్కడ వాడినదని తెలిసింది. అబ్బాయి ముఖం వికసించింది. నాకు మాత్రం ఆ లంగరు అంత పెద్దదిగా, అంత స్పష్టంగా ఉండడమే మొదటి అనుమానం కలిగించింది.

ఆ బుడ్డి ఏ కాలపు వస్తువునని చెప్పుకుంటున్నదో ఆ కాలాన్ని ముందుగా తెలుసుకోవాలి. రమారమి 1730 నుండి 1770 వరకు ఐరోపాలో సాగిన అలంకార శైలికి రొకోకో అని పేరు. గవ్వల వంపులు, తీగెల మెలికలు, గులాబి, నీలం, బంగారు వన్నెలు దాని లక్షణాలు. సరళరేఖ కనబడితే దానిని వంచకుండా వదలని శైలి అని నాబోటి డ్రాయింగు బోర్డు మనిషికి తోస్తుంది. పదిహేనవ లూయీ కొలువును ఆనాటివారు సుగంధపు కొలువు అనేవారు. స్నానం చేస్తే చర్మరంధ్రాలు తెరచుకొని రోగాలు ప్రవేశిస్తాయని జనం భయపడిన కాలం, వీధులలో మురుగు, మందిరాలలో క్రిక్కిరిసిన జనం. కనుక పరిమళం విలాసం మాత్రమే కాదు, ఊపిరికి రక్షణ. స్త్రీలు, పురుషులు కూడా చిన్న బుడ్డిని జేబులోనో, నడుము గొలుసుకో ఉంచుకునేవారు. వారి పరిమళద్రవ్యాలలో చాలావరకు మద్యసారంలో కలిపినవి, తేలికగా ఆవిరయ్యేవి. మన అత్తరు చందన తైలంలో ఇమిడి ఉంటుంది, అంత త్వరగా ఎగిరిపోదు. కనుక వారికి ఏమీ పీల్చుకొనని పాత్ర, బిగువైన బిరడా అవసరమయ్యాయి. ఆ అవసరానికి గాజు చాలు. పింగాణీ ఎందుకు?

అప్పటికి పింగాణీ ఐరోపాలో బంగారంతో సరితూగే వస్తువు. చైనావారు అనేక శతాబ్దాలుగా చేస్తున్న ఆ తెల్లని, మ్రోగే, వెలుగు ప్రసరించే మట్టి మర్మం పడమటివారికి అంతుబట్టలేదు. సాక్సనీ ప్రభువు అగస్టస్‌కు పింగాణీ పిచ్చి ఎంతగా ముదిరిందంటే, 1717లో ప్రష్యా రాజుకు 600 మంది ఆశ్విక సైనికులను ఇచ్చి 151 చైనా పాత్రలను పుచ్చుకున్నాడు. ఆ సైనికులను ఎవరూ అడిగినట్లు లేదు.

ఆ మర్మాన్ని ఛేదించిన ఘనత బోట్గర్ అనే యువకునిది. మందుల దుకాణంలో శిష్యుడుగా ఉంటూ, హీనలోహాన్ని బంగారం చేస్తానని గొప్పలు చెప్పి, 1701లో అగస్టస్ చేతికి చిక్కి బందీ అయ్యాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు పెద్ద కటకాలతో సూర్యకాంతిని కేంద్రీకరించి మట్టిని, రాళ్ళను కరిగించే ప్రయోగాలు చేస్తూ, ఈ బందీని పింగాణీ వైపు మళ్ళించాడు. ఫ్రైబర్గ్ గనుల, కొలుముల పనివారు వారికి తోడైనారు. గనులలోను కర్మాగారాలలోను పనిచేసే మన పాఠకులకు ఈ సంగతి చెప్పడం నాకు ఇష్టం: ఐరోపా పింగాణీ రాజుల మందిరాలలోనిదే కావచ్చు, పుట్టింది మాత్రం లోహపు కొలిమి తెలిసినవారి చేతులలో. 1708లో తెల్లని నమూనాలు వచ్చాయి. ఆ ఏడాదే చిర్న్‌హౌస్ మరణించాడు. 1710లో మైసెన్ పట్టణపు కోటలో కార్ఖానా వెలసింది. మట్టి పాకం తెలిసినవానికి మెరుగుపూత పాకం తెలియకుండా మర్మాన్ని పంచి ఉంచారు. అయినా 1719లో ష్టోల్జెల్ అనే పనివాడు వియన్నాకు పారిపోయి రహస్యాన్ని అందించాడు. అదే సంవత్సరం బోట్గర్ తన 37వ ఏట మరణించాడు. పన్నెండేళ్ళకు పైగా బందీగా గడిపిన మనిషి అనుభవించిన స్వేచ్ఛ అయిదు సంవత్సరాలే.

ఇంతకూ ఆ మర్మం ఏమిటి? కేయోలిన్ అనే తెల్లమట్టి ఒకటి. మంటలో కరిగి మట్టి రేణువులను అంటించే రాతిపొడి రెండవది. 1350 నుండి 1400 డిగ్రీల వేడి మూడవది. చైనావారు మొదటిదానిని ఎముక అని, రెండవదానిని మాంసం అని చమత్కరించేవారు. అంతటి వేడిలో కేయోలిన్ నుండి సూదుల వంటి ముల్లైట్ స్ఫటికాలు పుట్టి, గాజు వంటి ద్రవంలో అల్లుకుంటాయి. చల్లారిన తరువాత ఆ అల్లికే పింగాణీకి బలం. మన సింగ్‌భూమ్ ప్రాంతంలోని లాప్సాబురు కయనైట్‌ను కాల్చినా వచ్చేది ఈ ముల్లైట్ స్ఫటికమే. ఉక్కు కొలుములలో ఇటుకలను నిలబెట్టేదీ అదే. హైటెన్షన్ తీగెలను మోసే తెల్లని ఇన్సులేటర్ బిళ్ళలూ ఈ వంశానివే. దొరసాని చేతిలోని అత్తరు బుడ్డికి, మన కొలిమి ఇటుకకు ఉన్న ఈ చుట్టరికం తెలిసిన రోజున మా ఇంట్లో చెప్పగా, "అయితే ఇటుక కూడా షోకేసులో పెట్టండి" అని మా శ్రీమతి అన్నది.

మైసెన్‌లో 1731 నుండి కెండ్లర్ అనే శిల్పి చేసిన బొమ్మలు ఐరోపా అంతటికీ ఒరవడి అయ్యాయి. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలకు మాత్రం అప్పటికి తగిన కేయోలిన్ దొరకలేదు. ఫ్రాన్సులో 1768లో లిమోజ్ సమీపాన దొరికేంతవరకు, పాంపడూర్ మేడమ్ ఆదరించిన సేవ్ర్ కార్ఖానాలో కూడా మెత్తని పింగాణీయే చేశారు. మెత్తని అంటే చేతికి మెత్తగా ఉండేదని కాదు. తక్కువ వేడిలోనే కాలేదని అర్థం. తెల్లమట్టిలో గాజుపొడి వంటి పదార్థాలను కలిపి, చైనా వస్తువు రూపాన్ని మాత్రం తెప్పించే ఉపాయమది. 1745 నాటికి నడుస్తున్న చెల్సీ కార్ఖానా పద్ధతీ ఇదే. దాని నిర్వాహకుడు స్ప్రిమాంట్ వృత్తిరీత్యా వెండిపనివాడు.

ఈ మెత్తని పింగాణీతో ఒక పెద్ద చిక్కు ఉన్నది. అందులో గాజు భాగం అధికం. సరిగా కాలే వేడికి, మెత్తబడి వాలిపోయే వేడికి నడుమ ఉన్న ఎడం అతి స్వల్పం. బట్టీలో వేడిని కొలిచే సాధనాలు ఆనాడు లేవు. వెజ్‌వుడ్ తన కొలమానాన్ని ప్రకటించినది 1782లో. పనివాడు రంధ్రంలో నుండి మంట రంగును చూచి, నమూనా ముక్కలను బయటకు లాగి, అంచనా కట్టుకోవలసిందే. పెద్ద కూజా అయితే తన బరువుకు తానే కుంగుతుంది. ఏడు సెంటీమీటర్ల బుడ్డి తన బరువును తాను మోసుకోగలదు. పాడైనా పోయే మట్టి తక్కువ. ఒక్క బట్టీలో చాలా పడతాయి. అమ్మకం ధర మాత్రం మట్టి బరువును బట్టి కాక సొగసును బట్టి ఉంటుంది. కళాచరిత్రకారులు ఈ బుడ్డీల పుట్టుకను అభిరుచితో వివరిస్తారు. అభిరుచి నిజమే గాని, అంత చిన్నవిగా ఉండడంలో బట్టీ లెక్క కూడా కొంత ఉన్నదని నా అభిప్రాయం.

వీటిని ఆ రోజులలో ఆటవస్తువులనే అర్థమిచ్చే మాటతో పిలిచేవారు. ఆడుకొనేది మాత్రం పెద్దలే. చిలుక, పూలగుత్తి, పండు, విదూషకుడు, రెక్కల బాలుడు, ఇలా ఎన్నో రూపాలు. ప్రేమికులు ఇచ్చి పుచ్చుకొనే కానుకలు గనుక మీద ఫ్రెంచిలో సూక్తులు వ్రాసేవారు. వ్రాసిన ఇంగ్లీషు పనివారికి ఫ్రెంచి రాదు. తప్పులతడకగా ఉన్న ఆ స్పెల్లింగులను నేటి సేకర్తలు ముద్దుగా చూచుకుంటారు.

ఈ బుడ్డీలలో ఒక వర్గానిది చిత్రమైన చరిత్ర. అవి చెల్సీవి కావని నిపుణులకు తెలుసు, ఎవరివో తెలియదు. ఉయ్యాల ఊగే పిల్ల బొమ్మ ఒకటి అదే మట్టితో చేసినది ఉండడం వలన, ఆ వర్గానికంతటికీ ఉయ్యాల పిల్ల అనే పేరే స్థిరపడింది. రసాయన విశ్లేషణలో వీటి మట్టిలో సీసం చాలా ఎక్కువగా తేలి, చెల్సీ సరుకు నుండి వీటిని విడదీయడానికి వీలు కలిగించింది. చివరకు 1993లో వెలుగులోకి వచ్చిన ఒక పాత ఫ్రెంచి పత్రం వలన ఇవి చార్లెస్ గూయిన్ అనే నగల వర్తకుడు లండను సెయింట్ జేమ్స్ పేటలో చేయించినవని రూఢి అయింది. ఆయన చెల్సీలో తొలి భాగస్వామి. విడిపోయి స్వంతంగా ఆరంభించాడు. నగల వర్తకుడు గనుకనే బంగారు పట్టీలు, బిరడాలు అంత నాజూకుగా కుదిరాయి.

ఇవన్నీ పరదేశపు ముచ్చట్లని పాఠకులు అనుకోవచ్చు. కాని ఐరోపా పింగాణీ మన దక్షిణాదికి కొత్త కాదు. 1788లో టిప్పు సుల్తాను రాయబారులు పదహారవ లూయీని వెర్సాయ్‌లో దర్శించినప్పుడు లభించిన కానుకలలో సేవ్ర్ పింగాణీ ఉన్నది. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా సేకరించిన వస్తువులతో 1951లో ఆరంభమై, 1968లో మూసీ ఒడ్డున నేటి భవనానికి మారిన మ్యూజియంలో మైసెన్, సేవ్ర్ వంటి కార్ఖానాల సరుకుకు ప్రత్యేక స్థానం ఉన్నది. సెలవులలో హైదరాబాదు వెళ్ళే మన ఉద్యోగుల కుటుంబాలు ముసుగు రెబెకా విగ్రహం ముందు, గంటలు కొట్టే గడియారం ముందు గుమిగూడి, పింగాణీ గదులను దాటిపోతుంటాయి. నేనూ రెండుసార్లు అలాగే దాటిపోయాను. మూడవసారి ఈ బుడ్డి నిమిత్తం వెళ్ళి ఒక పూటంతా నిలబడి చూచాను. దక్కనులో అత్తరుకు వాడినవి లోహపాత్రలు: నల్లని బిద్రీ పాత్రలు, కరీంనగర్ వెండితీగె పనివారు అల్లిన అత్తరుదానులు. నేలరాలినా పగలని వస్తువులు. మనవారి వివేకమే మేలని నాకు తోచింది.

ఇక పరీక్ష సంగతి. పట్టీ క్రింద మెడ అంచున ఒక చిన్న పెచ్చు ఊడి ఉన్నది. మెత్తని పింగాణీ అయితే విరిగిన చోట చక్కెర పలుకుల వలె గరుకుగా ఉండి, సిరా చుక్కను పీల్చుకుంటుంది. ఇక్కడ గాజు పెచ్చు వలె నునుపైన గవ్వ ఆకారపు విరుపు కనబడింది. సిరా తుడిస్తే పోయింది. అంటే ఇది అధిక తాపంలో కాలిన గట్టి పింగాణీ. టార్చిలైటు వెలుగులో చెల్సీ సరుకు కొన్నింటిలో చందమామల వంటి మచ్చలు కనబడతాయట, దీనిలో కనబడలేదు. కాని అన్నింటిలోనూ ఉండవు గనుక దానిని ప్రమాణంగా తీసుకోలేదు.

అబ్బాయికి విరుపు పరీక్షతో తృప్తి కలగలేదు. "మామయ్యా, ఒక్క పెచ్చు చూచి చెప్పేస్తే ఎలా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నగరంలోని ఒక మిత్రుని ప్రయోగశాలలో ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం ఉన్నది. వస్తువుకు ఏ హానీ లేకుండా అందులోని మూలకాలను చెబుతుంది. మిశ్రమలోహాలను వేరుచేయడానికి మనం వాడేదే. ముందు తెల్లని మెరుగుపూత మీద పెట్టాము. చెల్సీ పూతలో సీసం ఉండాలి. ఇందులో చెప్పుకోదగినంత లేదు. తరువాత ఆకుపచ్చని ఆకు మీద పెట్టాము. తెర మీద క్రోమియం గీత నిటారుగా లేచింది.

ఆ గీతతో వివాదం ముగిసింది. పద్దెనిమిదవ శతాబ్దపు పింగాణీ పనివారు ఆకుపచ్చకు వాడినది రాగి. మన ఘాట్‌శిల కొండలలో దొరికే రాగి వంటిదే. క్రోమియం అనే మూలకాన్ని వోక్లాన్ అనే ఫ్రెంచి రసాయనవేత్త కనుగొన్నదే 1797లో. దాని ఆకుపచ్చ వర్ణం పింగాణీ మీదికి ఎక్కినది ఆ తరువాతి శతాబ్దంలో. 1769లో ఆగిపోయిన గుర్తు కలిగిన బుడ్డి మీద క్రోమియం ఆకు మొలవడం అసంభవం.

పందొమ్మిదవ శతాబ్దంలో రొకోకో వస్తువుల మీద మోజు మళ్ళీ పెరిగినప్పుడు నకళ్ళు చేసే కార్ఖానాలు వెలిశాయి. వాటిలో ప్రసిద్ధమైనది 1845లో పారిస్‌లో శాంసన్ స్థాపించినది. పగిలిన పాత సెట్లకు జత వస్తువులను చేసివ్వడంతో ఆరంభించి, మైసెన్ను, చెల్సీని, చైనాను కూడా అనుకరించింది. 1969 వరకు నడిచింది. అసలు చెల్సీ లంగరు కంటికి ఆననంత చిన్నది. చాలా అత్తరు బుడ్డీల మీద అసలు ఉండనే ఉండదు. నకలు చేసేవాడు గుర్తు కనబడదేమోనని భయపడి పెద్దదిగా వేస్తాడు. పిన్నిగారి బుడ్డి శాంసన్‌దే అని నేను చెప్పలేదు. అటువంటి కార్ఖానాలలో ఏదో ఒకదానిది అన్నాను. ఫ్రెంచి సూక్తిలో ఒక్క అక్షరదోషం కూడా లేదు. ఫ్రెంచి తెలిసినవారు చదివి చెప్పినప్పుడు, ఇది మరొక సాక్ష్యమని నేను మనసులో అనుకున్నాను.

చెప్పడానికి వెళ్ళిన సాయంత్రం అబ్బాయి ఇంకా డ్యూటీ నుండి రాలేదు. పిన్నిగారు మౌనంగా విన్నారు. డబ్బు సంగతి ఆమె ఎత్తలేదు.

"అయితే ఆ దొరసాని మా మామగారితో అబద్ధమాడిందంటావా బాబూ? ఇది మా నాయనమ్మది, చాలా విలువైనది అని చెప్పి మరీ ఇచ్చిందట."

నేను లెక్క వేసి చూచాను. ఆ దొరసాని నాయనమ్మ కాలం పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగం. నకళ్ళు విరివిగా అమ్ముడుపోయిన కాలం అదే. ఆవిడ కూడా అసలుదే అనుకొని ఎక్కువ ధర పెట్టి కొని ఉండవచ్చు. నాయనమ్మది అన్న మాట నిజమే అయి ఉంటుందని, ఇచ్చినామె తెలిసి అబద్ధమాడినట్లు ఏ పరీక్షలోనూ తేలలేదని చెప్పాను. పిన్నిగారు బుడ్డిని కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టారు.

మరునాడు అబ్బాయి పరపతి సంఘం దరఖాస్తు మీద నా హామీ సంతకం కోసం వచ్చాడు. ఎండిన ముఖంతోనే వచ్చాడు గాని, వెళ్ళేముందు క్రోమియం గీత ఫోటో ఒకటి అడిగి తీసుకున్నాడు.

పెండ్లి రామమందిరంలో జరిగింది. ద్వారం దగ్గర బల్ల మీద వెండి పన్నీరు బుడ్డి ప్రక్కన రెక్కల బాలుడు కూడా నిలబడ్డాడు. లోపల కనౌజ్ గులాబి అత్తరు పోశారు. మెడ పట్టీ పాతబడి బిరడా వదులుగా ఉండడం వలన భోజనాల వేళకు బల్లగుడ్డ మీద రూపాయి బిళ్ళంత నూనె మరక పడింది. ఆ గుడ్డను ఉతకడానికి వేయవద్దని పిన్నిగారు కోడలికి చెప్పడం నేను విన్నాను.